హఫ్సియా పేరు మీద కారు

హఫ్సియా పేరు మీద ఖెన్షెలా పట్నంలో అప్పటికి రెండు కార్లు తిరిగాయి. ఆ రెండింట్లో దేన్లోనూ ఆమె ఒక్కసారైనా కూర్చున్న పాపాన పోలేదు.

మొదటిదాన్ని ఆమె మొగుడు బతికుండగా ఒక పళ్ల డాక్టరుకు అమ్మేశాడు. అమ్మింది కారును కాదు, కారు కొనుక్కునే హక్కును. దేశాన్ని ఏలిన ఫ్రెంచివాళ్ల మీద పోరాడినవాళ్లకు సర్కారు కొన్నేళ్లకోసారి ఆ హక్కు ఇస్తుండేది. ఒక కాగితం, దాని మీద యోధుడి పేరు. అది చూపిస్తే బయటి దేశపు కారు మీద సుంకం ఉండదు. సుంకం కట్టాల్సి వస్తే ఒక కారు కొనేసరికి దాదాపు రెండు కార్ల ఖర్చయ్యేది. అందుకని కారు కావాలనుకున్నవాడు ముందు కార్ల దుకాణానికి పోడు, కాగితమున్న ముసలాయన ఏ సందులో ఉన్నాడా అని వెతుక్కుంటూ పోతాడు. రికార్డుల్లో కారు యోధుడిది, రోడ్డు మీద డబ్బు పెట్టినవాడిది. పుట్టి బుద్ధెరిగి స్టీరింగ్ ముట్టని తాతల పేరు మీద ఆ కొండ పట్నాల నిండా కార్లు పరిగెత్తుతుండేవి. అది తప్పని ఎవరికీ తోచేది కాదు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు కూడా "మీ ఇంట్లో యోధులెవరైనా ఉన్నారా?" అని ఒక మాట అడిగి పెట్టుకునేవాళ్లు.

హఫ్సియాకు రెండో కాగితం వచ్చేటప్పటికి మొగుడు లేడు. పిల్లలు మొదట్నించీ లేరు. అన్న కొడుకు సలాహ్ పక్కింట్లోనే ఉండి అత్త మంచీ చెడ్డా చూసుకునేవాడు. ఆ కాగితాన్ని సలాహే ఒక బట్టల వ్యాపారికి ఇప్పించాడు. హఫ్సియా సంతకం పెట్టింది, వచ్చిన డబ్బుతో ఇంటికి కొత్త కప్పు వేయించుకుంది, ఆ సంగతి మర్చిపోయింది.

మర్చిపోనిచ్చేవాళ్లుంటేగా. ఒక చలికాలం పొద్దున్నే తెబెస్సా నుంచి కబురొచ్చింది, సరిహద్దు పోలీసుల ఠాణాకు రమ్మని. సలాహ్‌కు ఆ రోజు తీరలేదు. హఫ్సియా తల మీదినుంచి నల్ల దుప్పటి నిండుగా కప్పుకుని ఒక్కతే బస్సెక్కింది.

ఠాణాలో కుర్ర అధికారి కుర్చీ చూపించాడు.

"కూర్చో అమ్మా. బయట నిలబెట్టిన తెల్ల కారు నీదేనా?"

"నా పేరు మీదుంది నాయనా."

"నీ పేరు మీదుంటే నీదే. దాని పొట్ట కింద ఇంకో ట్యాంకు అతికించి ఉంది. ఇక్కడి చౌక పెట్రోలు నిండా పోసుకుని అమ్ముకోవటానికి ట్యునీషియా దారి పట్టింది. ఎన్నాళ్లయిందమ్మా ఈ వ్యాపారం మొదలుపెట్టి?"

వెనకాల రాసుకుంటున్న ఇద్దరు పోలీసులు నవ్వు ఆపుకోలేక తలలు దించుకున్నారు. బట్టల వ్యాపారి ఎటో పారిపోయాడట. తోలుతున్నవాడు నాకేం తెలీదన్నాడట. మిగిలిన పేరు ఒక్కటే.

హఫ్సియా తన యోధుల కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అధికారి దాన్ని చదివి, లేచి నిలబడి, రెండు చేతులతో తిరిగిచ్చాడు. ఆ మర్యాద చూసేసరికి ఆమెకు ఇంకా సిగ్గేసింది.

"మనసులో పెట్టుకోకు తల్లీ," అన్నాడు. "ఇక్కడ రోజూ ఇదే తంతు. నీలాంటివాళ్ల పేర్లు మా దగ్గర చాలా ఉన్నాయి. కారు మేం ఉంచేసుకుంటాం. నువ్వు ఇక్కడో సంతకం పెట్టి వెళ్లు."

తిరుగు బస్సులో ఆమె కిటికీ లోంచి కొండల్ని చూస్తూ కూర్చుంది. పదిహేడో ఏట ఆ కొండల్లోకే పోయింది. గాయాలు కడగటం, సూదులు మరగబెట్టటం, మంచులో కంచరగాడిద మీద మనుషుల్ని ఒక లోయ నుంచి ఇంకో లోయకు చేర్చటం, అదీ ఆమె చేసిన యుద్ధం. ఆ రోజుల్లో ఎవరూ సొంత పేరు చెప్పకూడదు. పట్టుబడితే ఇంట్లోవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. ఆమెను సల్మా అనేవాళ్లు. హఫ్సియా అని పిలిచే నోరు లేక ఏళ్లు గడిచాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేసవిలో, ఊరి బడిలో బల్ల వేసుకుని యోధుల పేర్లు రాసుకుంటున్న ఒకాయన "నీ అసలు పేరేంటి చెల్లీ?" అని అడిగితే, ముందు సల్మా అనే చెప్పి, తర్వాత దిద్దుకుంది. ఆ రోజు తిరిగొచ్చిన పేరు అది. దాన్ని ఇప్పుడు పెట్రోలు దొంగలకు అద్దెకిచ్చింది.

ఇంటికొచ్చాక సలాహ్ అడిగాడు, "ఏమన్నారత్తా?"

"నవ్వారు," అంది.

మూడో కాగితం రెండువేల మూడులో వచ్చింది. ఏడాది లోపల వాడుకోకపోతే చెల్లదు. అది తపాలాలో వచ్చిన వారంలోపే సలాహ్ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. మనిషి పేరు రబాహ్. కాగితాల బేరాలే అతని బతుకు. చేతిలో ఖర్జూరపు మిఠాయి పెట్టె, నోట్లో తేనె.

"ఎట్లున్నావు హాజ్జా? ఆరోగ్యం బాగుందా హాజ్జా?"

"నేనింకా హజ్‌కు పోలేదు. అట్ల పిలవద్దు."

"పోతావు, పోతావు. ఈ కాగితమే నిన్ను తీసుకుపోతుంది. నేనిచ్చే డబ్బుకు పోయి రావటమే కాదు, వచ్చాక ఊరందరికీ భోజనాలు కూడా పెట్టొచ్చు."

సలాహ్ టీ పోస్తూ అన్నాడు, "ఈసారి కాగితం కొనే మనిషి మంచోడత్తా. సెటీఫ్‌లో ఇంజినీరు. పెట్రోలు గిట్రోలు ఏం లేదు. పెళ్లాం, పిల్లలు, ఆఫీసు."

"కారు నాక్కావాలి," అంది హఫ్సియా.

సలాహ్ చేతిలో టీ కెటిల్ అట్లాగే ఆగింది. "ఎవరికి?"

"నాకే. నా కాగితం, నా కారు."

రబాహ్ నవ్వి సలాహ్ వైపు తిరిగాడు. "మీ అత్త బేరం బాగా ఆడుతుందయ్యా. సరే, ఇంకొంచెం కలుపుతా."

"బేరం కాదు. ఆ మిఠాయి తీసుకుపో, నీ పిల్లలు తింటారు."

అతను పోయాక సలాహ్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. వాడు చెడ్డవాడు కాదు. అత్త ఒంటరిదని, చేతిలో నాలుగు డబ్బులుంటే మంచిదని అనుకున్నవాడే. "కొంటానికి డబ్బెక్కడిదత్తా?"

"హజ్‌కని దాచుకున్నది ఉంది, పోస్టాఫీసులో."

"హజ్ డబ్బు పెట్టి కారు కొంటావా? మసీదులో తెలిస్తే ఏమంటారు?"

"దేవుడి ఇంటికి పోవాలంటే సొంత పేరుతో పోవాలి గదరా. అది నా దగ్గర ఉందో లేదో ముందు చూసుకోనీ."

"తోలేదెవరు మరి? నేనేనా?"

"నేనే."

"నువ్వు... నీకు సైకిలైనా వచ్చా?"

"కంచరగాడిదను తోలాను. రాత్రిపూట, దీపం లేకుండా, మీద చచ్చిపోతున్న మనిషినేసుకుని. దానికంటే కష్టమా ఇది?"

సలాహ్ భార్య ఆ మాట సందు చివరికి చేరవేసింది, సందు చివర్నించి అది బజారుకు పోయింది. కాఫీ అంగట్లో మగవాళ్లకు పది రోజులకు సరిపడా మేత దొరికింది. "హఫ్సియా కారు కొంటుందట, దానికి గడ్డి ఎక్కడ మేపాలని అడుగుతుందట" అని ఒకడంటే, "వెనక్కి పోవాలంటే తోక పట్టి లాగాలా అని అడుగుతుంది చూడు" అని ఇంకొకడు. సలాహ్ కొన్నాళ్లు ఆ అంగడికి పోవటం మానేశాడు.

డ్రైవింగ్ స్కూలు నడిపే లమీన్ ఒకప్పుడు టాక్సీ తోలినవాడు. నలభై దాటాయి, మీసం మీద చేయి, నాలుక మీద ముల్లు. ముసలామె గుమ్మంలో నిలబడితే "ఎవర్ని చేర్పించాలమ్మా, మనవడినా?" అన్నాడు. సంగతి విని కాసేపు ఆమెను, కాసేపు తన పాత కారును చూశాడు. ఎవరి మీద జాలిపడాలో తేల్చుకోలేకపోయినట్టున్నాడు.

"చూడు అవ్వా, ఇది కంచరగాడిద కాదు. చెవి పట్టి లాగితే ఆగదు."

"అదే దీనికున్న లోపం. అది చెప్తే వినేది."

మొదటి రోజుల్లో కారు ముందుకు దూకేది, ఆగిపోయేది, మళ్లీ దూకేది. క్లచ్ అన్నది ఎందుకు పుట్టిందో ఆమెకు అర్థం కాలేదు. లమీన్ కాలు తన వైపు బ్రేకు మీదినుంచి దిగేది కాదు. గేరు మార్చినప్పుడల్లా కళ్లు మూసుకునేవాడు. "నా గేర్ పెట్టె ఏడుస్తోంది అవ్వా, వినపడుతోందా?" అనేవాడు. "ఏడవనీ. కొత్త కోడలు కూడా మొదట్లో ఏడుస్తుంది" అనేది ఆమె. రోడ్డు గుర్తులు మాత్రం తొందరగా పట్టుకుంది. పెద్దయ్యాక రాత్రి బడిలో చదువుకున్న మనిషి, అక్షరం అంటే భయం లేదు, గౌరవం ఉంది.

ఒక మధ్యాహ్నం నేర్చుకోవటం అయ్యాక, రోడ్డు పక్క కారాపుకుని ఇద్దరూ రొట్టె తింటున్నారు. లమీన్ ఉన్నట్టుండి అన్నాడు, "ఒక మాటడిగితే కోపం రాదు గదా? టాక్సీ తోలేటప్పుడు నేనూ కారు కొనుక్కోవాలనుకున్నా. సుంకం కట్టలేక ఒక తాత పేరు మీద కొన్నా. ఆ తాత పోయాడు. ఆయన కొడుకులొచ్చి కారు మాదన్నారు, తీసుకుపోయారు. కోర్టులో నాకు చెప్పుకోవటానికి నోరు లేదు. మీరు పోరాడారు, కాదనను. నేను పుట్టేటప్పటికి యుద్ధమే అయిపోయింది. అది నా తప్పా?"

హఫ్సియా నోట్లో ముద్ద మింగి, ఒళ్లో రాలిన రొట్టె పొడి దులుపుకుంది. ఈ ప్రశ్న ఆమెను ఇంతవరకూ ఎవరూ మొహం మీద అడగలేదు.

"నీ తప్పు కాదు," అంది. "ఈ కాగితం మాకివ్వటం న్యాయమో కాదో నాకు తెలీదు లమీన్. మేం కొండల్లో ఉన్నప్పుడు కార్ల గురించి మాట్లాడుకోలేదు. వేడి వేడి సూపు గురించి మాట్లాడుకున్నాం. ఇచ్చినవాళ్లు గౌరవం అని ఇచ్చారు. దాన్ని సంతలో పెట్టింది మేమే. నీ కారు పోవటంలో మా చేయీ ఉంది."

లమీన్ ఊహించింది ఈ జవాబు కాదు. మిగిలిన రొట్టె ఆమెకే ఇచ్చేసి, "సరే, ఇంజను స్టార్ట్ చెయ్యి" అన్నాడు. ఆ రోజునుంచి గేర్ పెట్టె గురించి ఏడవటం తగ్గించాడు.

పరీక్ష రోజున గుర్తుల ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పింది. రెండు వరసల గడల మధ్యకు కారును వెనక్కి తెచ్చి పెట్టాలి. మెడ తిప్పి చూస్తూ తెస్తోంది, దుప్పటి అంచు జారి కళ్లకు అడ్డం పడింది. గడ ఒకటి విరిగింది. పరీక్షాధికారి మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు. మైదానం చుట్టూ నిలబడిన కుర్రాళ్లలో ఎవరో ఈల వేశారు.

మళ్లీ పరీక్ష ఎప్పుడో నెలల తర్వాత. కాగితానికి గడువేమో దగ్గరపడింది. రబాహ్‌కు ఇట్లాంటి లెక్కలు వేళ్ల మీద ఉంటాయి, మళ్లీ దిగాడు. ఈసారి మిఠాయి లేదు.

"వృథాగా పోతుంది హాజ్జా. నీకూ కాకుండా, ఇంకొకరికీ కాకుండా. అది పాపం కాదా?"

సలాహ్ కూడా మెల్లగా అన్నాడు, "నువ్వు చెయ్యాల్సింది చేశావత్తా. ఇంక చాల్లే."

ఆ రాత్రంతా ఆమె ఆలోచించింది. తెల్లారి లమీన్ దగ్గరికి పోయి ఒకటే అడిగింది. "కారు కొనాలంటే డ్రైవింగ్ లైసెన్సు ఉండాలని రూలుందా?"

లమీన్ మీసం నిమిరాడు. "కొంటానికెందుకు? తోలటానికి గానీ." అని, ఆమె అడిగింది ఏంటో అప్పుడర్థమై పెద్దగా నవ్వాడు. "ఈ కాగితాలమ్ముకునే తాతల్లో ఎవడికైనా లైసెన్సుందా అవ్వా? ఉంటే అమ్ముకుంటాడా?"

ఆ నెలలోనే కొన్నది. దుకాణంలో కుర్రాడు అలవాటు కొద్దీ "కారు తీసుకునే ఆయన రాలేదా?" అని అడిగాడు. "ఆయన నేనే" అంది. చిన్న కారు, ఎర్రటి దానిమ్మ గింజ రంగు. లమీన్ తోలుకొచ్చి ఆమె గుమ్మం ముందు నిలబెట్టి, తాళం ఆమె చేతిలో పెట్టి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

కారు ఆ వసంతమంతా అక్కడే నిలబడింది. సందులో కొత్త నవ్వులు మొదలయ్యాయి. "మొగుడు లేని పెళ్లికూతురు" అన్నారు. సలాహ్ ఒకరోజు ఆగలేక అడిగాడు, "తాళమివ్వు అత్తా. నేను తోలుతా, నువ్వు వెనక కూర్చో. ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోతా. బ్యాటరీ పాడవుతుంది ఊరికే."

"పాడవదు. రోజూ ఇంజను వేసి కూర్చుంటున్నాగా."

నిజమే. మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చునేది. ఇంజను వేసేది. అద్దాలు సరిచేసేది. వెనక అద్దంలో తన సందు, పక్క అద్దంలో తన గుమ్మం. కాళ్లతో క్లచ్, బ్రేకు నొక్కుకుంటూ, లమీన్ చెప్పిన వరస వల్లెవేస్తూ పెదాలు కదిలించుకునేది. కదలని కారులో కదిలే పెదాలు చూసి పిల్లలు మూగేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు. అటుగా పోతున్న సలాహ్ కూడా ఒకటి రెండుసార్లు నిలబడి చూశాడు. నడుం నిటారుగా పెట్టుకుని, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్న ఆ మనిషి అతనికి కొత్తగా కనపడింది. చిన్నప్పుడు నాన్న చెప్పిన, కొండల్లోకి పోయిన చెల్లెలు ఈమే కదా అనిపించింది. ఆ సాయంత్రం వాడు ఎవరూ అడక్కుండానే బకెట్టుతో నీళ్లు తెచ్చి కారు కడిగాడు.

రెండో పరీక్షకు హఫ్సియా దుప్పటి వెయ్యలేదు. తలకు రుమాలు బిగించి కట్టుకుంది, కొండల్లో కట్టుకున్నట్టు. సలాహ్ కూడా వచ్చి, దూరంగా, ఎవరితోనూ సంబంధం లేనట్టు నిలబడ్డాడు. గడల మధ్యకు కారు మెల్లగా, తొందర లేకుండా వచ్చి నిలిచింది. తర్వాత రోడ్డు మీద తిప్పారు. చౌరస్తాలో ఒక లారీవాడు తనది కాని దారిలోకి దూసుకొస్తే, ఆమె ఆపి, వాణ్ని పోనిచ్చి, పక్కనున్న పరీక్షాధికారితో "నాదే ముందు హక్కు. కానీ వాడికి ఆ సంగతి తెలీదు పాపం" అంది. అధికారి నవ్వుతూనే కాగితం మీద ముద్ర వేశాడు.

లమీన్ ఎగిరి గంతెయ్యలేదు. దగ్గరికొచ్చి, పెద్దవాళ్లకు పెట్టినట్టు ఆమె తలకు ముద్దుపెట్టి, "నా దగ్గర నేర్చుకున్నావని అందరికీ చెప్పు అవ్వా. గడ విరిగిన సంగతి మాత్రం చెప్పకు" అన్నాడు.

మర్నాడు సలాహ్ కాఫీ అంగడికి పోయాడు. ఎవడో పాత జోకే తీశాడు, గడ్డి ఎక్కడ మేపుతున్నారని. సలాహ్ కాఫీలో చక్కెర కలుపుకుంటూ అన్నాడు, "మా అత్త కారు మా అత్తే తోలుతుంది. ఈ అంగడి ముందున్న కార్లలో, రికార్డుల్లో పేరున్న మనిషే తోలేది ఇంకొకటి ఉంటే చూపించండి." అందరూ వీధిలోకి చూశారు. ఒక్కొక్క కారు ఎవరి తాతదో, ఎవరి విధవ పెద్దమ్మదో అందరికీ తెలుసు. జోకు వేసినవాడిది వాళ్ల మామగారి పేరు మీద ఉంది. మాట మార్చి బంతాట గురించి మాట్లాడుకున్నారు.

హఫ్సియా మొదట మార్కెట్టు దాకా తోలింది, తర్వాత ఆసుపత్రి దాకా, తర్వాత అన్న సమాధి దాకా. ఎండలు తగ్గాక ఒక గురువారం, సందులో ఆడవాళ్లను ఎక్కించుకుని ఊరి బయట వేడి నీళ్ల ఊటకు స్నానాలకు తీసుకుపోయింది. రోమనుల కాలం నాటి రాతి తొట్టెలో మోకాళ్లు నానబెట్టుకుని, నారింజలు ఒలుచుకుని తిని, జుట్లు ఆరబెట్టుకుని సాయంత్రం బయల్దేరారు.

తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో, వాళ్ల సందులోనే ఉండే మెబర్కా కూర్చుంది. ఆమె కూడా యుద్ధంలో ఉన్న మనిషే. తుపాకులు మోసింది, ఒకసారి జైలుకు కూడా పోయింది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మాట మాత్రం తక్కువ. ఊటకు పోయేటప్పుడు వెనక కూర్చుంది, ఇప్పుడు ముందు కూర్చుంటానని పట్టుబట్టింది. దారి పొడుగునా హఫ్సియా కాళ్ల వైపే చూస్తోంది.

"ఎడమ కాలితో ఊరికే నొక్కుతున్నావేంటి?" అని అడిగింది.

"అది క్లచ్. గేరు మార్చేటప్పుడు నొక్కాలి. లేకపోతే ఏడుస్తుంది."

"గుర్తుల పరీక్షలో ఏమడుగుతారు?"

"నీకెందుకే?"

మెబర్కా వెనక సీటు వైపు ఓరగా చూసింది. స్నానం చేసిన సుఖానికి వెనకాలవాళ్లు ఒకరి మీద ఒకరు ఒరిగి కునుకు తీస్తున్నారు. అయినా గొంతు తగ్గించింది.

"నా కాగితం వచ్చే ఏడు వస్తుంది. మావాళ్లు అప్పుడే ఎవరికో మాటిచ్చినట్టున్నారు."

హఫ్సియా అద్దంలో వెనక చూసుకుని, రోడ్డు పక్కన మట్టి మైదానం కనిపిస్తే అందులోకి తిప్పి కారాపింది. తలుపు తీసుకుని దిగి, చుట్టూ తిరిగొచ్చి, మెబర్కా వైపు తలుపు తీసింది.

"దిగి, అటు పోయి కూర్చో."

మెబర్కా దిగింది. బానెట్ మీద చెయ్యి వేసి నడుచుకుంటూ చుట్టూ వెళ్లి, స్టీరింగ్ ముందు కూర్చుని, దుప్పటి మోకాళ్ల దాకా మడుచుకుంది. కొండల మీద ఎండ పసుపు పచ్చగా ఉంది.

"మా కొడుకులకు ఇప్పుడే చెప్పకు," అంది.

"ఎడమ కాలు క్లచ్ మీద పెట్టు," అంది హఫ్సియా. "మెల్లగా."